చూస్తే నడిచే టైమర్

జూన్ 3
మళ్లీ అక్క ఫోను. వాళ్ల కోడిపిల్లల హేచరీలో మా కంపెనీ బిగించిన కంట్రోలర్ పెట్టె గుడ్ల ట్రేలను గంటకోసారి తిప్పాలి. పూటకోసారి కూడా తిప్పడం లేదట. పెట్టె మీద టైము ఎక్కడో వెనకుందట. కరెంటు పోయి రీసెట్ అయ్యుంటుందన్నాను. పోలేదు, నీ పెట్టే పోయింది, అంది.

జూన్ 4
ఆఫీసులో ఆ పెట్టెలోని బోర్డే ఇంకోటి, దాన్ని నడిపే కెర్నెల్ సాఫ్ట్‌వేరూ అదే. పొద్దుటినుంచి చూశాను. సెకను తేడా లేదు.

జూన్ 5
బోర్డులో టైమర్లు రెండు. ప్రాసెసర్ లోపలిది వేగంగా చదవొచ్చు. బయట చిప్‌లోది నెమ్మది. బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్ టైము కోసం, రేటింగ్ అనే మార్కు ఎక్కువున్నదాన్ని, అంటే లోపలిదాన్ని, పట్టుకుంటుంది. ఆ రేటింగ్ ఇచ్చింది మా టీమ్ లీడ్. బయటిదానికి మారుద్దామన్నాను. తప్పు ఇక్కడ చూపించు, మారుస్తాను, అన్నాడు. చూపించలేకపోయాను. మీ అక్కగారు ఫోను చేసినప్పుడల్లా కెర్నెల్ మార్చేద్దామా, అన్నాడు అందరి ముందూ. నవ్వారు. నేనూ నవ్వాను. దానికే ఎక్కువ ఒళ్లు మండింది.

జూన్ 6
ఇదివరకు ట్రేలు చేత్తోనే తిప్పేవాళ్లు. నా మాట మీద బావ ఈ విడత గుడ్లన్నీ పెట్టెకి అప్పజెప్పాడు. మొదటి వారం తిప్పకపోతే లోపలి పిల్ల పెంకుకి అంటుకుపోతుంది. చేత్తో తిప్పెయ్యనా అని అడిగింది అక్క. వద్దన్నాను. చేతులు పెడితే పెట్టె ఎక్కడ తప్పుతోందో నాకు తెలియదన్నాను. సరేలే, చదువుకున్నవాడివి, అంది.

జూన్ 7
ఏమీ దొరకలేదు.

జూన్ 9
పక్క సీటువాడు నా బోర్డు నుంచి కంప్యూటర్‌కి లాగ్ తెచ్చే కన్సోల్ కేబుల్ చెప్పకుండా పీక్కుపోయాడు. నీ అబ్బ సొత్తా అని అరిచాను. అరగంట వాడుకున్నందుకు ఇంత గోలా అంటూ తెచ్చి పడేశాడు. మళ్లీ పెట్టి చూస్తే, ఆ అరగంటలో బోర్డు టైము రెండు నిమిషాలే కదిలింది.
కేబుల్ ఉన్నంతసేపూ లాగ్ ప్రింటవుతూ ప్రాసెసర్ మేలుకునే ఉంటుంది. తీసేస్తే పని లేక గాఢనిద్రలోకి పోతుంది. దాంతోపాటే లోపలి టైమరూ ఆగిపోతుంది. వేడి కొలిచే సెన్సర్ తట్టి లేపినప్పుడే మళ్లీ నడక. హేచరీలో కేబుల్ ఎవడు పెడతాడు? నేను కాపలా కాసినన్నాళ్లూ అది బుద్ధిగా నటించింది.
అక్కకి ఫోను చేశాను. వెంటనే చేత్తో తిప్పమన్నాను. ఇప్పుడా, అంది. పెట్టేసింది.

జూన్ 10
లీడ్ కళ్లారా చూశాడు. నిజమే, అన్నాడు. కానీ బయటి టైమర్ పెడితే స్పీడ్ నంబర్లు పడిపోతాయట. వచ్చే రిలీజులో పెడదామట. గుడ్లు రిలీజు దాకా ఆగవు సార్ అన్నాను. అడక్కుండానే లోపలిదాని రేటింగ్ తగ్గించి బిల్డ్ చేసి, నేనే బస్సెక్కి వెళ్లి ఎక్కించి వచ్చాను. బావ నీళ్లిచ్చాడు.

జూన్ 22
సగానికి పైగా గుడ్లు పిల్లలవ్వలేదు. బావ ఒక గుడ్డు పగలగొట్టి చూపించాడు. పిల్ల పూర్తిగా తయారైంది. ఒక పక్క పెంకుకి అతుక్కుని ఉంది.

జూలై 1
కొత్త విడత పెట్టారు. అక్క చేత్తో తిప్పుతోంది. పెట్టె సెకను తప్పకుండా నడుస్తోంది. దాని మీద తువ్వాలు ఆరేసి ఉంది.