రాయొద్దన్న ఫిర్యాదు

నవంబర్ 10

క్లాసు అయ్యాక జోయా నా రూముకు వచ్చింది. సెకండియర్ కెమిస్ట్రీ, పుంగనూరు పిల్ల. గ్రీవెన్స్ సెల్ నేనే చూస్తానని ఎవరో చెప్పారట. ముద్దుకృష్ణ సార్ ల్యాబ్ నుంచి చీకటి పడేదాకా వదలడు. ఈలోగా కాలేజీ బస్సు వెళ్లిపోతుంది. ఆ తర్వాత మదనపల్లె బస్టాండులో ఒక్కతే నిలబడాలి. ఇంట్లో మాత్రం కాలేజీ బస్సే లేటని చెబుతోందట. నిజం తెలిస్తే వాళ్ల నాయన చదువు మాన్పించేస్తాడు.

పెన్ను తీయగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"రాయొద్దు మేడమ్. ఊరికే మీకు చెప్తాండా."

రాయలేదు.

నవంబర్ 12

కారిడార్‌లో ముద్దుకృష్ణను పట్టుకున్నాను. జోయా పేరెత్తలేదు. కండక్టర్ డ్యూటీ కూడా మీకే ఇచ్చారా మేడమ్ అని వెటకారం చేశాడు. అయినా రేపటినుంచి బస్సు టైముకు వదులుతానన్నాడు. టీ తెప్పించాడు. మా కాలేజీలో నోటి ఫిర్యాదులన్నీ ఇలాగే తీరతాయి. ఇదొక పద్ధతేనా? ఏమో. బస్సయితే దొరుకుతుంది.

నవంబర్ 19

డీన్ మీటింగ్. తనిఖీ టీమ్ వస్తోంది. పోయినసారి ఫిర్యాదులు సున్నా అని గొప్పగా చూపించాం. సున్నా అంటే నమ్మలేమని వాళ్లు రాసి వెళ్లారు. కాబట్టి ఈసారి ఫిర్యాదులు కావాలి. అన్నీ పరిష్కారమైనవే కావాలి. నోటిమాటగా వచ్చినవి కూడా పోర్టల్‌లో ఎక్కించమన్నారు. ఒక పిల్ల రాయొద్దందని చెప్పాను. కాన్ఫిడెన్షియల్ అని టిక్ పెట్టమన్నారు.

టిక్ పెట్టాను. స్టేటస్ దగ్గర రిజాల్వ్డ్ అని కొట్టాను.

నవంబర్ 20

కేసు మూస్తే పోర్టల్ స్టూడెంట్ నంబరుకు మెసేజ్ పంపుతుందట. ఆఫీసులో సుదర్శన్ ఇవాళ మాటల్లో అన్నాడు. ఇక్కడ అడ్మిషన్లో ఆడపిల్లలంతా ఇచ్చేది నాన్న నంబరే.

నవంబర్ 24

జోయా రాలేదు. మొన్నా రాలేదట.

నవంబర్ 26

సెలవు పెట్టి పుంగనూరు వెళ్లాను. జోయా నాయన హనీఫ్‌కు మిక్సీలు రిపేరు చేసే అంగడి. అరుస్తాడనుకున్నాను. కుర్చీ తుడిచి వేశాడు. ఫోను చూపించాడు. నేను టైప్ చేసిన వాక్యమే: సాయంత్రం బస్టాండులో ఒంటరిగా వేచి ఉండుట, పరిష్కరించబడినది. ఇప్పుడు ల్యాబ్ ముందే అయిపోతుందని చెప్పాను. మళ్లీ చెప్పాను. తలూపాడు.

"మీ మాట నమ్ముతానమ్మా. మా పాప మాట ఇంక యాల నమ్మాల?"

జోయా లోపలి తలుపు దగ్గర నిలబడి ఉంది. రాసినారా మేడమ్ అని మాత్రం అడిగింది.

నవంబర్ 29

టీసీ కోసం హనీఫ్ దరఖాస్తు వచ్చింది. కారణం: సొంత పనులు.

డిసెంబర్ 3

తనిఖీ టీమ్ శాంపిల్‌గా ఒక నంబరుకు ఫోన్ చేసింది. స్పీకర్ ఆన్ చేశారు. మీ ఫిర్యాదు తీరిందా అని అడిగారు. అవతల హనీఫ్ గొంతు.

"తీరిపోయింది సార్. పాప ఇప్పుడు చీకటి పడేలోపల ఇంట్లోనే ఉంటాది."

డీన్ నా వైపు చూసి నవ్వారు.