తిన్నె మీద పడుకున్నవాళ్ళు

6 మార్చి 1986, ఉదయం

మా సరస డాక్టరైంది. ఎనిమిదో క్లాసుతో బడి మానేసిన నాకు ఇలాంటి బిడ్డ! వీధంతా మైసూర్‌పాక్ పంచాను, బస్ కండక్టర్‌కు కూడా. చూడు పాప, ఎలక్షన్ గెలిచిన దినం కూడా మీ నాయన ఇట్ల ఎగర్లేదు, అంది మా ఆవిడ గౌరమ్మ. నిజమే, ఎగరలేదు.

పోస్టింగ్ వచ్చేదాకా సరస ఇంట్లోనే ఉంటుంది. నిన్న ఊరి బయట, సిలోన్ గొడవల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళ క్యాంప్ చూసి వచ్చింది. పొన్ని అనే పిల్లకు ఎనిమిది నెలలు నిండాయి, కాళ్ళు వాచాయి. ఆడ ఒక డాక్టర్ లేడు నాయనా, నువ్వు బడ్జెట్లో అడుగు, అంది. మాటిచ్చాను.

14 మార్చి, ఎమ్మెల్యే హాస్టల్, మద్రాసు

అడిగాను. క్యాంప్‌కు ఒక డాక్టర్, మందుల వ్యాన్. మంత్రి నవ్వి ఊరుకున్నారు. నిలబడి నిలబడి కాళ్ళు లాగేస్తున్నాయి.

19 మార్చి

పార్టీలో సీనియర్ పెరియసామి కాఫీ ఇప్పించాడు. మా పెన్నాగరం ఆస్పత్రికి ప్రసవాల వార్డు ఇస్తారట, నేను వ్యాన్ మాట ఎత్తకూడదట. రెండూ కావాలన్నాను. అన్నా, క్యాంపోళ్ళకు ఓటుందా, రెండూ అడిగినోడికి రెండూ పోతాయి, అన్నాడు. తప్పనలేను. పెన్నాగరం బస్సులో ఒకామె ప్రసవించడం నేను కళ్ళారా చూశాను. ఏ ఏడాదైనా ఇంతే. ఒకరికి పెట్టాలంటే ఇంకొకరి విస్తరి లాగాలి. విసుగొచ్చింది. పి.ఏ.కు తెలుగు చదవడం రాదు కాబట్టి ఇదంతా ఇక్కడ రాసుకుంటున్నాను.

20 మార్చి

సభలో వ్యాన్ మాట ఎత్తకుండా బడ్జెట్‌కు చెయ్యి ఎత్తాను. వార్డు వచ్చింది. వ్యాన్ లేదు.

23 మార్చి, ఇల్లు

సరస కోప్పడలేదు. అన్నం వడ్డిస్తూ, మనోళ్ళు తెలుగు సీమ నుంచి నడిచొచ్చిన దినం ఎవురి తిన్నె మీద పండుకొన్నారు నాయనా, అని అడిగింది. దానికి తెలియక కాదు, నేను చెప్పిన కథే. ఎవరో పుణ్యాత్ముడి ఇంటి ముందు తిన్నె. అందుకే మా ఇంటికి ఒక కట్టుబాటు ఉంది. మా వీధి తిన్నె మీద ఒక రాత్రి పడుకున్నవాళ్ళు ఇంటిమనుషులు. తెల్లవారి గంజి పొయ్యాలి, ఒంట్లో బాగాలేకపోతే చూసుకోవాలి, పొమ్మనకూడదు. అదే మళ్ళీ చెప్పాను. విని, మజ్జిగ పోసి వెళ్ళిపోయింది.

24 మార్చి, పొద్దున్నే

తలుపు తీస్తే తిన్నె నిండా జనం. క్యాంప్ వాళ్ళు. నిన్న చీకటి పడ్డాక వచ్చి పడుకున్నారట, సరసే రమ్మందట. గోడకు ఆనుకుని పొన్ని. దాని చేతికి పట్టీ కట్టి బి.పి. చూస్తూ, తలెత్తకుండానే, క్యాంపోళ్ళు కాదు నాయనా, మనింటోళ్ళు, నిలబడుకోకుండా గంజి ఎత్తుకురాపో, అంది నా కూతురు. లోపల గౌరమ్మ పెద్ద కుండతో అప్పటికే గంజి కాచేసింది. తల్లీ బిడ్డా కూడబలుక్కున్నారు, ఎమ్మెల్యేకు తప్ప అందరికీ తెలుసు. నవ్వొచ్చింది. కళ్ళు తుడుచుకుని కుండ ఎత్తాను. నా తల్లి, నా బంగారం.

31 మార్చి

పొన్నికి ఆడపిల్ల, మా నడిమింట్లోనే. ఇద్దరూ క్షేమం.

తిన్నె మీద ఈరోజు ఇంకా ఎక్కువమంది. గంజి పోసి పోసి వీధిలో నిలబడిపోయాను. చివర కూర్చున్న ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, అన్నా, మీది ఏ క్యాంపు, అని అడిగి, పక్కకు జరిగాడు.

కూర్చున్నాను.