తరలింపు విషయమై తుది నివేదిక

షామ్‌బర్గ్,
2026 ఏప్రిల్ 26, ఆదివారం.

చి.ల.సౌ. నీహారికకు,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని నిన్నటి ఫోన్ వల్ల తెలిసింది. ఉభయకుశలోపరి అని రాసే ముందు, ఆ ఉభయులూ రెండేళ్ల ఎనిమిది నెలలుగా నాలుగు గంటల డ్రైవ్ దూరంలో ఉంటున్నారన్న సంగతిని రికార్డు కోసం నమోదు చేస్తున్నాను.

విషయం: నేను షామ్‌బర్గ్ ఇల్లు వదిలి, నువ్వు అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పని చేస్తున్న ఇండియానా కాలేజీ ఊరికి తరలిరావాలా, వద్దా అన్నది.

సూచిక: నిన్న నువ్వు ఫోన్‌లో అన్న మాటలు. అవి యథాతథంగా ఇవి. "శుక్రవారం పదింటికి ఇక్కడ కొంటున్న ఇంటి కాగితాల మీద సంతకాలు. గురువారంలోగా పేర్లు చెప్పమన్నారు. రెండు పేర్లు రాయించనా, నా ఒక్కదాని పేరేనా? రానంటే రానని చెప్పండి, నేనేం ఏడవను. ఏదీ చెప్పకుండా ఈ నాన్చుడు మాత్రం ఇక నావల్ల కాదు" అన్నావు. పరిశీలిస్తానన్నాను. నువ్వు ఫోన్ పెట్టేశావు.

ఇన్సూరెన్స్ కంపెనీలో పంతొమ్మిదేళ్లుగా నివేదికలు రాసి బతుకుతున్నవాణ్ణి కనుక ఈ విషయాన్ని కూడా ఒక కమిటీకి అప్పగించాను. అధ్యక్షుడు, కార్యదర్శి, ఏకైక సభ్యుడు నేనే కావడం వల్ల కోరం ఎన్నడూ తగ్గలేదు. ఇంతవరకు నలభై ఒక్క సమావేశాలు జరిగాయి. అన్నీ వంటగదిలోనే, కుక్కర్ మూడో విజిల్ వచ్చేలోపే ముగిశాయి. ప్రతి సమావేశంలోనూ నిర్ణయం ఏకగ్రీవంగా వాయిదా పడింది.

ముందుగా ఊరి సంగతి. జనాభా లక్షకు లోపు. అందులో సగంమంది ఇరవై రెండేళ్లు నిండనివాళ్లు; మే నెలలో మాయమై, ఆగస్టులో కొత్త మొహాలతో ప్రత్యక్షమవుతారు. ఇండియన్ షాపు ఒక్కటే, లాండ్రీ పక్కన. కరివేపాకు గురువారం మధ్యాహ్నం వస్తుంది, మన ఎం.ఎస్. పిల్లల దయవల్ల శుక్రవారం ఉదయానికి అయిపోతుంది. ఫుట్‌బాల్ ఆట ఉన్న శనివారం కారు బయటికి తీయడం అవివేకం. ఊరు ఎటు దాటినా మొక్కజొన్న. దానికొచ్చే తెగుళ్ల మీదే నీ ఉద్యోగం. రాకపోవడానికి ఇవేవీ చాలిన కారణాలు కావని కమిటీ అంగీకరించింది.

ఆఫీసు ఒప్పుకోదని ఏడాదిన్నర పాటు చెప్పాను. ఏ ఊళ్లో ఉన్నా ఇంటి నుంచి పని చేసుకోవచ్చని జనవరి తొమ్మిదిన అనుమతి వచ్చింది. ఆ కబురు నీకు ఫిబ్రవరి ఆఖరున చెప్పాను. మధ్యలోని ఏడు వారాలకు కమిటీ దగ్గర వివరణ లేదు.

ఇక మిగిలింది వాస్తు. నువ్వు చూపించిన ఇళ్లలో ఆరింటిని ఫోన్‌లో దిక్సూచి పెట్టి నేనే తోసిపుచ్చాను. నాలుగు దక్షిణం, ఒకటి నైరుతి, ఇంకొకటి తూర్పే గాని వీధిపోటు. పక్కింటి రాజగోపాల్ వారాంతాల్లో ఇళ్లు అమ్మించిపెడతాడు కనుక నిపుణుడిగా పిలిపించాను. "అన్నా, సౌత్ ఫేసింగ్ మనోళ్లు ఎవ్వరు కొంటలేరు, రేపు రీసేల్‌కి మస్తు తిప్పలైతది" అని అతను సాక్ష్యమిచ్చాడు. అది నీకు చెబితే, "ఇక్కడ కొనడానికి మనవాళ్లెవరున్నారండీ? ఉన్న నాలుగు కుటుంబాలూ అద్దెకే ఉంటున్నాయి. ఇల్లు ఎటు చూస్తే ఏంటి, ముందు మీరు ఇటు చూడండి" అన్నావు.

ఆ తర్వాత ఒకరోజు రాజగోపాల్ మన వాకిట్లో నిలబడి తన ఫోన్ తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "అన్నా, మీ ఇల్లు గూడ ఈస్ట్ కాదే! ఆగ్నేయం దిక్కు తిరిగుంది. పదహారేండ్ల సంది ఎట్లుంటున్నరు మరి?" అన్నాడు. ఆ సంగతి నాకు కొన్న రోజే తెలుసు. కమిటీ ఆ సాక్ష్యాన్ని మినిట్స్‌లోంచి తొలగించింది.

మన నిధి కాలేజీ నుంచి ఫోన్ చేసి తన వాంగ్మూలం తనే ఇచ్చింది. "నాన్నా, జస్ట్ సే సమ్‌థింగ్! అమ్మ వెయిట్ చేస్తుంది. వాస్తు ఏంటి అసలు? యూ డోంట్ ఈవెన్ డూ పూజ" అంది. ఆ పిల్లకు తెలుగు తడబడుతుంది గాని ఎదుటివాడు ఎక్కడ తడబడుతున్నాడో బాగానే తెలుస్తుంది.

అక్టోబరులో నేను వచ్చినప్పుడు నీ అద్దె ఇంట్లో కిటికీ పక్కన నాకోసం ఒక బల్ల, కుర్చీ వేసి ఉంచావు. "పొద్దున్న ఎండ మీ కళ్లలో కొడుతుందని కర్టెన్ కూడా తెచ్చానండీ" అన్నావు. చాలా బాగుందన్నాను. ఆదివారం సాయంత్రం దాకా ఉంటానని వచ్చినవాణ్ణి, ఆదివారం పొద్దున్నే కాఫీ తాగి బయల్దేరిపోయాను. మార్చిలో వీడియో కాల్ చేస్తే ఆ బల్ల మీద మొలకల ట్రేలు కనిపించాయి. "మీరొచ్చినప్పుడు తీసేస్తాలెండి" అన్నావు. పోయిన వారం కుర్చీలో కూడా ట్రేలు ఉన్నాయి. కమిటీ అన్నిటికంటే ఎక్కువసేపు ఆగిపోయింది ఇక్కడే.

ఇక్కడి పరిస్థితి కూడా నమోదు చేయాలి. అన్నం వంటగది గట్టు దగ్గర నిలబడే తింటున్నాను. డిష్‌వాషర్ వారానికి ఒకసారి వేస్తే సరిపోతోంది. ఒకరోజు పొరపాటున రెండు కప్పుల కాఫీ కలిపి, రెండూ నేనే తాగాను.

తీర్మానం: తరలిరాకపోవడానికి చూపిన కారణాల్లో ఒక్కటీ నిలబడలేదు. అయినప్పటికీ అధ్యక్షుడు రాలేకపోతున్నాడు. కావున ఇంటి కాగితాల్లో నీ ఒక్కదాని పేరే రాయించవలసిందిగా కమిటీ సిఫారసు చేస్తోంది.

ఇట్లు,
ఉమాకాంత్
(అధ్యక్షుడు, కార్యదర్శి, సభ్యుడు)

తా.క.: కవరు అంటించి మళ్లీ చించాను. పై నివేదికలో అబద్ధాలు లేవు. అసలు సంగతి కూడా లేదు.

2009లో నువ్వు ఇప్పుడు పని చేస్తున్న ఇదే యూనివర్సిటీకి, ఇదే విభాగంలో పీహెచ్‌డీకి అప్లై చేశావు. అప్పటికి నిధికి ఏడాదిన్నర. నా వీసా మీద వచ్చినదానివి కనుక నీకు ఉద్యోగం చేసే వీల్లేదు. మన ఈడు జంటలందరికీ ఉన్నట్టే మనిద్దరికీ కలిపి ఒకటే ఈమెయిల్ ఉండేది. రోజూ ముందు తెరిచేది నేను. మార్చి పదకొండున వాళ్ల ఉత్తరం వచ్చింది. సీటు ఇచ్చారు, ఫీజు లేదన్నారు, నెలనెలా జీతం కూడా ఇస్తామన్నారు. ఆ వారమే ఆఫీసులో నా వరుసలో ముగ్గుర్ని తీసేశారు. నువ్వు పాపను తీసుకుని వెళ్తే ఇక నా దగ్గరికి తిరిగి రావనిపించింది. అంతకంటే పెద్ద కారణం ఏదీ లేదు. ఉందేమోనని ఇన్నేళ్లూ వెతికాను. నీ పేరుతో నాలుగు వాక్యాలు రాసి, రాలేనని పంపేశాను. నీ కంట పడకుండా ఆ రెండు ఉత్తరాలూ పక్కన పెట్టేశాను.

నువ్వు మే నెల దాకా రోజూ మెయిల్ తెరిచి చూసుకున్నావు. చివరికి, "బాపట్లలో చదివిన ఎం.ఎస్సీ.కి వీళ్ల దగ్గర ఏం విలువుంటుందిలెండి" అన్నావు. నిన్ను ఓదార్చింది నేనే. మన ఇండియన్ షాపులుండే డెవాన్ వీధికి తీసుకెళ్లి చీర కూడా కొన్నాను. ఆ తర్వాత ఐదేళ్లు నువ్వు ఎక్కడా అప్లై చేయలేదు; పీహెచ్‌డీ ఆలస్యంగా, వేరే చోట చేశావు.

అక్టోబరులో మీ విభాగం పార్టీలో, నువ్వు యాపిల్ సైడర్ తేవడానికి వెళ్లినప్పుడు, రిటైరైన మీ పెద్ద ప్రొఫెసర్ నా పక్కకు వచ్చాడు. 2009లో తమ మొదటి ఎంపిక నా భార్యేననీ, రానని రాస్తే ఎంతో బాధపడ్డామనీ, పద్నాలుగేళ్లకు ఉద్యోగానికి మళ్లీ తమ దగ్గరికే వచ్చిందనీ, అప్పుడెందుకు రాలేదో అడగడం మర్యాద కాదని ఊరుకున్నాననీ చెప్పాడు. పాప అప్పటికి చాలా చిన్నదన్నాను. ఈలోగా నువ్వు రెండు కప్పులతో వచ్చి, "ఏమంటున్నారండీ ఆయన?" అన్నావు. వాతావరణం గురించి అన్నాను. మర్నాడు కాఫీ తాగి బయల్దేరింది అందుకే. అంతకుముందు రెండేళ్లు ఆ ఊరు రావడానికి సిగ్గుపడ్డాను. ఆ రోజు నుంచి భయపడుతున్నాను.

నిన్న ఫోన్‌లో, గృహప్రవేశానికి మొదట పిలిచేది ఆయన్నేనన్నావు. పాలు పొంగే సమయానికి ఆ మాట ఆయన నోట నువ్వు వినకూడదు. నా చేత్తో రాసిన దాంట్లో చదవాలి.

కాగితాల మీద నా పేరు రాయించకు. ఇది కమిటీ సిఫారసు కాదు, నా మాట. నువ్వు ఫోన్ చేస్తే ఎత్తుతాను. చేయకపోతే అర్థం చేసుకుంటాను.

ఆ పాత ఈమెయిల్ ఇంకా పని చేస్తోంది. పాస్‌వర్డ్ వేరే చీటీ మీద రాసి ఇందులోనే పెట్టాను. 'బిల్లులు' అన్న ఫోల్డర్‌లో ఉన్నాయి రెండు ఉత్తరాలూ. ముందు వాళ్లు రాసింది చదువు. నీ బాపట్ల థీసిస్ గురించి అందులో రెండు పేరాలు ఉన్నాయి, చాలా గొప్పగా రాశారు. పదిహేడేళ్లుగా దాన్ని చదువుతున్నది నేనొక్కణ్ణే.