మందిరం చేరని ఆదివారాలు

మాచర్ల,
బుధవారం.

చిరంజీవి దుర్గాప్రసాద్‌ను ప్రభువు చల్లగా కాపాడాలని కోరుకుంటూ మీ నాన్న వ్రాయునది.

ఇక్కడ మేం బాగున్నాం. మీ అమ్మ మోకాలు ఒక్కటే బాగాలేదు, అది ఎప్పుడు బాగుంది కనుక. నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. నీ ఉత్తరం సోమవారం అందింది. పోస్టుమాన్ మౌలాలీ వీధి మొదట్నుంచే "ఎల్లయ్యన్నా, ఉత్తరం! చేత్తో రాసిన ఉత్తరం!" అని కేకలేసుకుంటూ వచ్చాడు. బ్యాంకు కాగితాలు, ఆధార్ కార్డులు తప్ప ఇలాంటి కవరు పంచి ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తులేదట. మీ పాస్టర్ల శిక్షణ పాఠశాల వాళ్ళు ఫోన్లు తీసుకుని బీరువాలో పెట్టడం నీకు కష్టంగానే ఉండి ఉంటుంది. నాకు మాత్రం మేలే చేసింది. నేనిప్పుడు రాయబోయేది ఫోన్లో చెప్పగలిగేది కాదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నా నడుం ఎలా ఉందని అడిగావు. వంగడానికి బాగానే వంగుతోంది, లేవడానికే పేచీ పెడుతోంది. గురజాలలో ఒక ఇంటి పని ఒప్పుకున్నాను. ముందు గదికి టైల్సట, వెనక గదికి నాపరాళ్ళట. చుట్టాలు చూసేచోట మెరిసేవి, ముసలాయన పడుకునేచోట చల్లటివి. ఆ ఇంటాయనతో ఆ మాటే అన్నాను, మొహం మాడ్చుకున్నాడు.

పేరు మార్చుకోమంటున్నారని రాశావు. దైవసేవకుడికి దుర్గాప్రసాద్ అనే పేరేమిటని అడుగుతున్నారట. ఆ పేరు మీ నాయనమ్మ పెట్టింది. నువ్వు ఏడో నెలలోనే పుడితే, ఆమె నిన్ను పత్తిలో చుట్టి పొట్ట మీద పెట్టుకుని నెలన్నర మంచం దిగలేదు. బతికిన పిల్లాడికి తనకు తెలిసిన దేవత పేరు పెట్టుకుంది. నా బాప్తిస్మం రోజున నన్ను కూడా ఏలియా అని మార్చుకోమన్నారు. మా అన్న ఎప్పుడైనా "ఒరేయ్ ఎల్లిగా" అని పిలిస్తే పలకకుండా ఉండలేనని చెప్పి ఊరుకున్నాను. నీ పేరు నీ ఇష్టం. మార్చుకుంటే నేనేమీ అనుకోను. సిగ్గుపడి మాత్రం మార్చుకోకు.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరంలో ఆ పేజీ మూడుసార్లు చదివాను. అభ్యాసం కోసం ప్రసంగం చేయమని నిన్ను నిలబెట్టారు. నువ్వు "ఏంది" అన్నప్పుడల్లా, "చానా" అన్నప్పుడల్లా వెనక బల్లల వాళ్ళు నవ్వారు. అయిపోయాక మీ ప్రిన్సిపాల్‌గారు లేచి, "ఇది వేదిక, రాళ్ళ క్వారీ కాదు" అన్నారు. అప్పట్నుంచి తోటివాళ్ళు నిన్ను క్వారీ అనే పిలుస్తున్నారు. భోజనాల దగ్గర నీ పక్కన చోటు ఖాళీగా ఉంటోంది. అన్నీ సర్దుకుని వచ్చేస్తానని రాశావు. దాని కింద ఇంకో మాట రాశావు. "నాన్నా, నిన్ను మందిరంలో అందరూ నవ్వినా ఒక్క ఆదివారం మానలేదు. నా ప్రసంగంలో అదే చెప్పాను. కానీ నీ అంత గట్టివాణ్ణి కాను నేను."

ఆ నవ్వు సంగతి నీకు సగమే చెప్పాను ప్రసాదూ. ఇవాళ మొత్తం చెబుతాను.

అప్పుడు నీకు ఐదేళ్ళు. నేనూ మీ పెదనాన్న బాలకోటయ్యా క్వారీలో నాపరాయి తీసేవాళ్ళం. రాయి ఎక్కడ పలకలుగా విడిపోతుందో అన్న చేత్తో నిమిరి చెప్పేవాడు, ఒక్కసారి కూడా తప్పేది కాదు. మధ్యాహ్నం గుంటలో ఊరిన నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. మీ నాయనమ్మ కట్టిన జొన్నరొట్టె, గోంగూర పచ్చడి. అన్న తన రొట్టెలో సగం తుంచి నా వైపు పడేసి, "తిను, సచ్చేట్టున్నావ్" అనేవాడు. ఆ రొట్టె రుచి ఇప్పటికీ నోట్లో ఉంది. నేను బాప్తిస్మం తీసుకున్న రోజు నుంచి ఆ మాట ఆగిపోయింది. ఒకే గుంటలో పనిచేస్తూ, సుత్తి కావాలంటే పక్కవాడితో అడిగించేవాడు. ఈమధ్యే కదా మళ్ళీ మన గడప తొక్కుతున్నాడు. ఆ రోజుల్లో నేను అనుకున్నది ఒక్కటే: సొంతవాళ్ళు దూరం పెట్టినా మందిరం వాళ్ళు దగ్గరికి తీస్తారులే అని.

ఒక ఆదివారం నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు నాకేం మేలు చేశాడో నలుగురిలో నిలబడి చెప్పాలి. వారమంతా రాయి కొడుతూ మాటలు కూర్చుకున్నాను. తీరా లేచేసరికి అన్నీ మరిచిపోయాను. ఒక్క మాటే మిగిలింది. "నేను చేసినయ్యన్నీ చూసి కూడా దేవుడు నన్ను వదిలిపెట్టాడండీ" అన్నాను.

ముందు వరసలో కూర్చున్న తెలుగు మాస్టారు ధనుంజయరావుగారు ఫక్కున నవ్వారు. ఆయనంతటి సంఘ పెద్దే నవ్వాక ఇక అడ్డేముంది, మందిరమంతా నవ్వింది. పాస్టరు అయ్యగారు లేచి, "వదిలిపెట్టలేదయ్యా, చేరదీశాడు. దేవుడు వదిలేస్తే ఇక నీకు మిగిలేది నరకమే" అని సరిదిద్దారు. దానికి ఇంకోసారి నవ్వారు. మర్నాటి నుంచి బజార్లో నేను దేవుడొదిలేసిన ఎల్లయ్యను. అది మీ పెదనాన్న చెవిన కూడా పడింది. ఆయన మాత్రం నవ్వలేదు, నా వైపు చూసి తల తిప్పుకున్నాడు. అందరికంటే అదే ఎక్కువ బాధేసింది.

ఇంతవరకు నీకు తెలుసు. ఆ తర్వాతి ఆదివారం నేను తెల్లచొక్కా వేసుకుని వెళ్ళానని కూడా తెలుసు. గడప మీద కూర్చుని చెయ్యి ఊపింది నువ్వే. మీ అమ్మ అప్పటికింకా మందిరానికి వచ్చేది కాదు. నేను వీధి చివరిదాకా మందిరం వైపే నడిచి, అక్కడ మలుపు తిరిగి రైలుస్టేషన్‌కి వెళ్ళాను. ప్లాట్‌ఫారం చివరి బల్ల మీద కూర్చున్నాను. ఆరాధన ముగిసే వేళ అంచనా వేసుకుని లేచి, నీకు ఉప్పుబిస్కెట్లు కొని, ఇంటికొచ్చాను. పై ఆదివారం కూడా అంతే. ఆ పైది కూడా అంతే. ఏడాది నాలుగు నెలలు మందిరం గడప తొక్కలేదురా నేను.

నువ్వు బిస్కెట్టు నములుతూ "ఇయ్యాల ఏం జెప్పారు నాన్నా?" అని అడిగేవాడివి. నేను ఏదో ఒకటి కల్పించి చెప్పేవాణ్ణి. టీ అమ్మే అతను, కళ్ళు లేని మనిషికి చెయ్యిచ్చి రైలెక్కించిన కాలేజీ పిల్ల, తప్పిపోయి దొరికిన మేకపిల్ల, ఆ పూట నా కళ్ళ ముందు జరిగినవన్నీ అయ్యగారు చెప్పినట్టు చెప్పేవాణ్ణి. నువ్వు వాటిని వీధి పిల్లలకు తిరిగి చెప్పేవాడివి. నీ మొదటి ప్రసంగాలన్నీ ఆ రైలుబల్ల మీద పుట్టినవే. నువ్వు పెద్దయ్యాక నిజం చెబుదామనుకున్నాను. అప్పటికి నువ్వు నన్ను చూసి గర్వపడటం మొదలుపెట్టావు. ఆ గర్వం నాకు తియ్యగా ఉండి నోరు మూసుకున్నాను.

ఎలా తిరిగి వెళ్ళానో కూడా చెబుతాను, అందులో నా గొప్ప ఏమీ లేదు. అన్న మౌనం భరించలేక క్వారీ మానేసి బండలు పరిచే పనిలోకి దిగాను. మందిరం మట్టినేలకు బండలు వేయించాలనుకుని అయ్యగారు కబురు పెట్టారు. పని వేరు, ఆరాధన వేరు అని మనసుకు చెప్పుకుని ఒప్పుకున్నాను. గదికి బండలు పరిచేటప్పుడు లోపలి గోడ దగ్గర మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ గుమ్మం దగ్గర తేలతాం, లేకపోతే అప్పుడే పరిచిన బండలు తొక్కాల్సి వస్తుంది. అలా వేదిక ముందు మొదలుపెట్టాను. మర్నాటి నుంచి ధనుంజయరావు మాస్టారు బడి వదిలాక వచ్చి, పరిచిన బండల కింద సిమెంటు గట్టిపడేలా బిందెలతో నీళ్ళు పెట్టేవారు. పంచె ఎగగట్టుకుని, ఒక్క మాట లేకుండా. నాలుగో రోజున ఆయనే అన్నారు.

"ఎల్లయ్యా, ఆ రోజు ముందు నవ్వింది నేనే."

"తెలుసు మాస్టారూ. నాకూ కళ్ళున్నయ్యి గదా."

ఆయన బిందె కింద పెట్టారు. "ఇంతకీ ఆ మాట ఏ అర్థంలో అన్నావు?"

"ఏందండీ ఇప్పుడు అడుగుతున్నారు? అది అప్పుడు అడగాల్సింది."

"అప్పుడే అడగాల్సింది. ఇప్పుడన్నా చెప్పు."

చెప్పాను. "ఒకసారి కాయితాలు లేకుండా లారీకి బండలెత్తామని పోలీసులు నన్నూ అన్ననీ పట్టుకుపోయారండీ. పొద్దుగూకేదాకా గోడ పక్కన కూర్చోబెట్టారు. జైలే అనుకున్నాం. ఎస్సైగారొచ్చి, 'తప్పు మీదేరా. అయినా వదిలిపెడుతున్నా, పోండి' అన్నాడు. గేటు దాటినాక మా అన్న నడిరోడ్డు మీద నా మెడ పట్టుకుని ఏడిశాడండీ. దేవుడు నన్ను అట్టా వదిలిపెట్టాడు. మాకు ఆ మాటంటే అదే."

మాస్టారు తడిసిన పంచె అంచు పిండుకున్నారు. "ఇరవై ఏళ్ళ నుంచి తెలుగు చెబుతున్నానయ్యా. ఆ అర్థం నాకు తట్టనే లేదు" అన్నారు. క్షమించమని అడగలేదు. బిందె తీసుకుని మిగిలిన నీళ్ళు పోసి వెళ్ళిపోయారు. ఆయన పోయాక ఆ తడి బండల మీద ఒంటరిగా కూర్చుని నేను ఏడ్చాను.

కథల్లో అయితే ఆ ఆదివారమే మందిరంలో ఉండేవాణ్ణి. నేను పని ముగించాక కూడా ఇంకో రెండు వారాలు స్టేషన్‌కే వెళ్ళాను. మూడో వారం మందిరానికి వెళ్ళింది కూడా, నిజం చెప్పాలంటే, నా బండలు ఎలా కూర్చున్నాయో చూసుకోవడానికి. గుమ్మంలో నిలబడి అంచులు చూస్తున్నాను. ఒక ముసలమ్మ అరచేత్తో నేల నిమిరి, "ఎంత సల్లగుందే" అంది పక్కామెతో. చివరి వరసలో ఎవరో జరిగి చోటిచ్చారు. కూర్చున్నాను. అప్పట్నుంచి మానలేదు, అది మాత్రం నిజం.

నీ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించాను. చింతపండు గింజలు తీస్తూ వింటోంది. "నీ అంత గట్టివాణ్ణి కాను" అన్నచోట చదవడం ఆపేశాను. మీ అమ్మ తలెత్తలేదు.

"ఏందయ్యా, పిల్లోడు నిన్ను నెత్తిన పెట్టుకుని మోస్తన్నాడు. ఇకనన్నా దిగు" అంది.

నేను ఉత్తరం కింద పెట్టాను. "నీకు తెలుసా మంగా? ఎప్పుడు తెలిసింది?"

"ఆ బిస్కెట్లు టేసన్ కాడ కొట్లోనే దొరికేయి. మొదటి నెల్లోనే తెలుసు."

"మరి అడగలేదేందే?"

"అడిగితే ఆ పోవటం కూడా మానేసి ఇంట్లో కూర్చునేవాడివి. తెల్లసొక్కా అన్నా ఏసుకోనీలే అనుకున్నా."

పంతొమ్మిదేళ్ళు ఆ మాట కడుపులో పెట్టుకుని నాతో కాపురం చేసింది. ఆ చొక్కా ప్రతి శనివారం ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చింది కూడా తనే. నన్ను మందిరంలో ఎవరెంత నవ్వారో నాకు బాగా గుర్తుంది. ఇంట్లో నవ్వకుండా ఊరుకున్న మనిషి సంగతే ఇన్నాళ్ళూ తెలియలేదు.

నువ్వు అక్కడ నిలబడి పదిమందికి చెప్పింది నా అబద్ధం. అందులో నీ తప్పేమీ లేదు. మళ్ళీ ప్రసంగం చేయమంటే ఈ నిజం చెప్పుకో, నాకు అభ్యంతరం లేదు. ప్రసంగం మరీ పొడుగైందని కూడా మీ ప్రిన్సిపాల్‌గారు అన్నట్టు రాశావు. అది నిజమే అయ్యుంటుంది, నీకు చిన్నప్పటి నుంచీ ముగించడం చేతకాదు. ఆ మాట తీసుకుని బాగుచేసుకో. నీ భాషకు నవ్వారంటే అది వాళ్ళ లోటు, దాన్ని నువ్వు మోసుకు తిరగక్కర్లేదు. దేవుడికి పల్నాడు మాట అర్థం కాదని ఎక్కడా రాసి లేదు.

రావాలనిపిస్తే వచ్చెయ్, నేను ఒక్క మాట కూడా అనను. మీ అమ్మ అంటుందేమో, అది మీరూ మీరూ చూసుకోండి. ఉండాలనిపిస్తే ఉండు. ఏది చేసినా నీ లెక్కన నువ్వు చెయ్యి, నన్ను పక్కన నిలబెట్టుకుని ఎత్తు కొలుచుకోకు. నిన్ను నవ్విన నాలుగో రోజుకే నువ్వు ఉన్నదున్నట్టు ఇంటికి రాశావు. నాకు పంతొమ్మిదేళ్ళు పట్టింది.

ఇట్లు,
మీ నాన్న
ఎల్లయ్య