కుట్టేసిన పదహారు పేజీలు

జూన్ 5, 1981, శుక్రవారం. పెనుకొండ.

ఈ రోజు నుంచి డైరీ. కారణం ఉంది.

ధర్మవరంలో మగ్గం నేసే మా బామ్మర్ది మస్తాన్ మూడు డిటెక్టివ్ నవలలు ఇచ్చి వెళ్ళాడు. "బావా, హంతకుడెవడో ఆఖరి పేజీ దాకా తెలిసేదే లేదు" అన్నాడు. వాడికి తెలీదు, సరే! తన మగ్గం మీద పోగు తెగినా వాడికి పక్కవాడే చెప్పాలి. ఈ సుభాన్ టైలర్ సంగతి వేరు. మనిషి గుమ్మం ఎక్కుతుండగానే నడుము కొలత చెప్పేస్తాను. హంతకుడెంత!

తీర్మానం: చివరి పేజీలు చూడకుండా మూడు పుస్తకాల్లోనూ హంతకుణ్ణి పట్టుకుంటాను.

ఆట పద్ధతి: చివరి పదహారు పేజీలు మిషన్ మీద కుట్టేయాలి. రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను పైకి చదువుతాను. శుక్రవారం ఎవరి హంతకుణ్ణి వాళ్ళు చెప్పాలి. ఆ తర్వాతే కుట్టు విప్పాలి.

నా భార్య షంషాద్‌బీ కాజాలు కుడుతూ అడిగింది. "నేను గెలిస్తే ఏమిస్తావు?"

"నువ్వా!"

"కత్తెరియ్యి. జాకెట్లు నేను కత్తిరిస్తా. వీధిలో ఆడోళ్ళు నీకు కొలతలియ్యల్లంటే సిగ్గుపడి హిందూపురం పోతాండారు."

ఏడాదిగా ఇదే పాట. ఆ కత్తెర మా నాయనది. ఆయన పోయాక నేను తప్ప ఎవరూ పట్టుకోలేదు. కాజాలు, బొత్తాలు, మిషన్ అడుగున తిరిగే బాబిన్‌లో దారం ఎక్కించడం లాంటి చిల్లర పనులు చేసే మనిషికి గుడ్డ కోయడం ఏం తెలుసు?

"మూడింట్లో రెండు గెలువు. తీసుకో" అన్నాను. అమ్మ సాక్షి. నవ్వు ఆపుకోలేకపోయాను.

జూన్ 8. మధ్యాహ్నం 2.

మూడో అధ్యాయం. జమీందారు చచ్చాడు. హంతకుడు మేనేజరే! మీసం వర్ణన చూస్తేనే తెలిసింది.

అమ్మ (బుడన్‌బీ, డెబ్భై ఏళ్ళు) వంటవాడంటుంది. "కూరలో ఉప్పు ఎక్కువేసినాడంట. అట్లాటోడు ఏమైనా చేస్తాడు." తర్కం చూడండి!

షంషాద్ వింటూ కాజాలు కుడుతుంది.

జూన్ 12, శుక్రవారం.

మేనేజర్ కాదు. జమీందారు చెల్లెలట. షంషాద్ ముందే చెప్పింది. "ఏడ్చేటప్పుడు ఆయమ్మ కొంగు తడవలేదని రాసినాడు కదా" అంది.

రచయితకు రాయడం రాదు. అంత మంచి మీసం పెట్టి మేనేజర్‌ని వృథా చేశాడు. ఇలాంటి పుస్తకానికి లెక్కేమిటి? లెక్కే అంటోంది అమ్మ.

షంషాద్ 1. నేను 0.

జూన్ 16.

బళ్ళు తెరిచారు. ఊరందరికీ ఒక్కసారే పిల్లలు పుట్టినట్టు యూనిఫాం గుడ్డలు పట్టుకొచ్చారు. నిన్నా ఈరోజూ చదవలేదు. బుర్ర పని చేయకపోవడానికి కారణం ఇదే. తీర్మానం మాత్రం అలాగే ఉంది.

జూన్ 18.

రెండో పుస్తకం. ఏడుగురి మీద అనుమానం. ఏడుగురూ వెధవలే. రేపు చెప్పాలి.

పేజీలు పక్కవైపే కుట్టాను. పైనుంచి గొట్టంలా తెరుచుకుంటున్నాయి. బలపరీక్ష కోసం తెరిచి చూశాను. కుట్టు గట్టిగా ఉందా లేదా అని. అంతే. లోపల 'డాక్టర్' అన్న మాట కంటపడింది. కళ్ళుంటే కనపడవా? చూడటం వేరు, చదవడం వేరు.

జూన్ 19, శుక్రవారం.

డాక్టర్! గెలిచాను! అమ్మ మళ్ళీ వంటవాడంది. ఈ పుస్తకంలో వంటవాడే లేడు.

అంచనా తప్పిన షంషాద్ నన్ను ఎగాదిగా చూసింది. "యెట్ల కనుక్కుంటివి?" అంది.

"బుర్ర!"

1-1. ఎవరికీ అనుమానం ఉండకూడదని మూడో పుస్తకాన్ని అందరి ముందూ మూడు వైపులా కుట్టాను. తెల్లదారం. చీమ కూడా దూరదు. పుస్తకం అమ్మ ట్రంకుపెట్టెలో ఉంటుంది.

జూన్ 22, సోమవారం.

తెల్లచొక్కాలు అయ్యాయి. ఈరోజు నుంచి ఖాకీ నిక్కర్లు. కథలో హంతకుడు ఎవరో అంతు చిక్కడం లేదు. మూడు వైపులా కుట్టిన మూర్ఖుడెవరో! (నేనే.)

జూన్ 24. ఉదయం 6.

నిద్ర లేవగానే గోడకు వేలాడుతున్న కత్తెర కనపడింది. అది ఆమె చేతికి పోతే నేనేం చేయాలి? కాజాలా? ఊరు నవ్వుతుంది. నిజంగా భయమేసింది.

6.10: అమ్మ పాలకు పోయింది. షంషాద్ కొళాయి దగ్గర.

6.15: కుట్టు విప్పాను.

6.25: కాంపౌండర్! ఎవడూ ఊహించలేడు. నేనూ ఊహించలేదు.

6.35: మిషన్ మీద ఖాకీ రీలు తీసి తెల్లరీలు పెట్టి, పాత సూదిరంధ్రాల మీదే కుట్టాను. మళ్ళీ ఖాకీ రీలు పెట్టేశాను. పెట్టెలో పుస్తకం. నా అంత పనివాడు జిల్లాలో లేడు.

తీర్మానం భంగమైనట్టు కాదు. వాయిదా పడింది.

జూన్ 26, శుక్రవారం.

రాయాలని లేదు. రాస్తాను.

"కాంపౌండర్" అన్నాను. కొంచెం ఆలోచించినట్టు నటించి మరీ అన్నాను.

షంషాద్ పుస్తకం తీసుకుంది. వెనక అట్ట ఎత్తింది. "ఆ పుస్తకంలో ఎవుడు చంపినాడో నాకింకా తెలీదు. ఈ ఇంట్లో ఎవురు విప్పినారో తెలుసు. పైన తెల్లదారం. ఇట్ల తిప్పు. కిందేముండాది?"

కింద ఖాకీ.

"శుక్రవారం నువ్వు కుట్టినప్పుడు బాబిన్‌లో తెల్లదారమే. ఖాకీ ఎక్కించింది నేను, సోమవారం."

పదిహేనేళ్ళుగా బాబిన్ ముట్టుకోని మహా టైలర్‌ని! కింద ఏ దారం తిరుగుతోందో కూడా చూడలేదు.

అమ్మ వంటవాడి పేరు ఎత్తలేదు. నా వైపే చూసింది. "మీ నాయన అబద్ధంతో గుడ్డ కోయలేదురా" అంది. ఇద్దరూ నవ్వి ఉంటే బాగుండేది. సిగ్గేసింది. మేకు నుంచి కత్తెర తీసి నేనే ఇచ్చాను.

జూన్ 29.

మొదటి జాకెట్ కోసింది. తప్పు పడుతుందేమోనని గుమ్మం దగ్గర నిలబడి చూశాను. పడలేదు. ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. నన్ను బయటికి పొమ్మన్నారు, నా దుకాణంలోంచి!

జూలై 1.

ఈ రోజు నుంచి మళ్ళీ తీర్మానం. మస్తాన్ ఇంకో పుస్తకం పంపాడు. చివరి పేజీలు చూడను. ఖాయం. ఈసారి షంషాద్ చేత్తో కుట్టింది, అంత సన్నకుట్టు నాకు రాదు.

ఆమె కోస్తోంది. నేను చదువుతూ, మధ్యలో కాజాలు కుడుతున్నాను. వేలికి నాలుగు పోట్లు. చిల్లర పని అన్న వెధవ ఎవడో!

మొదటి కాజా చూపించాను. అటూ ఇటూ తిప్పింది.

"దీన్ని చంపిందెవురో పుస్తకం లేకుండానే చెప్తా" అంది.

విప్పేసి మళ్ళీ మొదలుపెట్టాను.