అటక మీది ద్రాక్ష

అక్టోబర్ 14
కోత అయింది! మెట్లచేను ద్రాక్షంతా అటకెక్కింది. తడికెల మీద ఎడంగా పరిచాను. క్రిస్మస్ దాకా వడలాలి. తర్వాత పిండితే వచ్చే వైన్ పేరు "స్ఫోర్జాతో"! మా వల్తెల్లీనా కొండల్లో దాన్ని మించిన ఎర్ర వైన్ లేదు.

శపథం: పిండేదాకా ఒక్క పండు నోట్లో వేసుకోను. నిరుడు "రుచి చూస్తా, రుచి చూస్తా" అంటూ తినేశాను. పీపా నిండలేదు. గాలి చేరి వైనంతా వెనిగరైంది. అప్పటినుంచి మా ఆవిడ ఎర్సీలియా నా సలాడ్‌లో అదే పోస్తోంది. ఈసారీ అంతే అయితే అటక తాళంచెవి తన తమ్ముడు ఫెర్మోకి ఇచ్చేస్తుందట. నా పండుతో బావమరిది వైన్ చేయడమా! ప్రాణం పోయినా కానివ్వను.

అక్టోబర్ 20
ముట్టలేదు. వాసన చూశాను. వాసన తప్పు కాదు.

నవంబర్ 3
ఒక గుత్తికి బూజు! తీసేయకపోతే పక్కవాటికి అంటుకుంటుంది. తీశాను. పక్క పండు మీదా అనుమానం. కొరికితే గానీ తీరదు. బాగానే ఉంది, పాపం.

నవంబర్ 11
సాన్ మార్తీనో పండుగ. పండుగనాడు శపథాలేమిటి?

నవంబర్ 26
తీపి అన్ని తడికెల మీదా ఒకేలా ఉండదు. కిటికీ వైపువి చూశాను. గోడ వైపువి చూశాను. మళ్లీ కిటికీ వైపువి.

డిసెంబర్ 5
"ఏమయ్యా, గుత్తులు చిక్కిపోతున్నాయేం?" అంది ఎర్సీలియా.
"ఎలుకలే!"
"గింజలు ఉమ్మేసి కిటికీ గట్టున పోగేసే ఎలుకా?"
"మన ఎలుకలకి శుభ్రం ఎక్కువ."
"ముందు మీసం తుడుచుకో. తొక్క అంటింది."

డిసెంబర్ 28
పిండాం. తొట్టిలో రసం అనుకున్నదానికన్నా తక్కువే.

ఫిబ్రవరి 2
పులియడం అయింది, పీపాలో పోశాం. వెలితి! చెయ్యి పెడితే తడి తగల్లేదు.

"కంచే చేను మేసింది," అంటూ ఎర్సీలియా తమ్ముడికి ఫోన్ చేసింది. ఫెర్మో తన ఇంట్లో చేసిన "స్ఫోర్జాతో" వైన్ డబ్బాలో తెచ్చి పీపాని అంచుదాకా నింపాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"ఇంక భయం లేదు బావా. మన వైన్ అదిరిపోతుంది!"

మన! వైన్ పాడవకుండా నిలిచినందుకు సంతోషమే. కానీ ఆ మాటకి ఏడుపొచ్చింది.

ఫిబ్రవరి 3
కొత్త శపథం: సీసాల్లో నింపేదాకా పీపా ముట్టను. ఒక్క చుక్క కూడా!

కాకపోతే అందులో నాదెంతో, ఫెర్మోదెంతో ఎవరో ఒకరు రుచి చూసి తేల్చాలి కదా.