రెండో కొలత

మామయ్యా,

నువ్వు డాక్టరువి కాబట్టి అడుగుతున్నాను, అమ్మకు మాత్రం చెప్పకు. మేం కవలలమని నాన్న ఇన్నేళ్లూ నన్నొక్కణ్ణే టేపుతో కొలిచి ఇద్దరికీ చొక్కాలు కుట్టేవాడు. మొన్న నన్ను కొలిచాక తమ్ముణ్ణి కూడా పిలిచాడు. "వీడు నిన్ను దాటేశాడ్రా!" అని దుకాణంలో అందరిముందూ నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

నాకంటే పది నిమిషాలు వెనక పుట్టినవాడికి మీసమొచ్చింది, గొంతు బొంగురుపోయింది. మగపిల్లల ఎదుగుదల అని సైన్సు పుస్తకంలో ఉన్నవేవీ నాకింకా మొదలే కాలేదు. నాన్నను అడగలేని బెంగ అక్కడి ఎదుగుదల గురించే. ఇది జబ్బా? అందరికీ ఒకే వయసులో రాదని పుస్తకంలో రాశారు. కానీ ఒకే రోజు పుట్టినవాళ్లకి కూడానా?

ఇది కవరులో పెడుతుంటే తమ్ముడు వచ్చాడు. "మామయ్యకేనా? నాదీ ఒకటి అడగరా" అని తల దించుకుని చెప్పాడు. మామయ్యా, అంత మీసం పెట్టుకుని వాడికీ అచ్చం నా బెంగే!

సరే, వాడి కోసం కూడా అడుగుతున్నాను. జవాబు మాత్రం నా పేరు మీదే పంపు. ముందు పుట్టింది నేను.

నీ పెద్ద మేనల్లుడు